43 టీవీతో పిన్‌బాల్ పెట్టె: లోపలి కొలత ఎంత పెట్టమంటారు?

పెన్నాగట్టు
ఇంట్లో వర్చువల్ పిన్‌బాల్ (స్ప్రింగ్ కడ్డీతో బంతిని తన్ని, రెక్కలతో కొట్టే ఆట) క్యాబినెట్ కట్టిస్తా ఉండా. అసలు మిషన్ కాదు. లోపల టీవీని పడుకోబెట్టి, వెనకాల నిలువుగా ఇంకో మానిటర్ పెట్టి, కంప్యూటర్‌తో ఆడేది. హాల్లోకి కొత్త టీవీ వచ్చినాక పాత 43 అంగుళాలది ఖాళీగా పడుండాది. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ ముందే ఉంది. విజువల్ పిన్‌బాల్ ఎక్స్ అనే ఆట సాఫ్ట్‌వేర్ వేసి కీబోర్డుతో ఆడతా ఉండా, 4కేలో కూడా తడబడకుండా నడస్తా ఉంది.

చిక్కంతా చెక్క దగ్గర. నెట్లో డ్రాయింగులన్నీ అమెరికా మిషన్ కొలతలే. బయట వెడల్పు 22 అంగుళాలు, రెండు పక్కలా ముప్పావు అంగుళం చెక్క పోతే లోపల ఇరవైన్నర. నా టీవీకి అడ్డంగా టేపు పెడితే ఫ్రేముతో 56 సెంటీమీటర్లు, అంటే 22 అంగుళాలు దాటతా ఉంది. ఎట్ట దూరుద్ది? టీవీ విప్పి ఉత్త ప్యానెల్ పెట్టాలా, పెట్టె వెడల్పు చేయించాలా? మా వేదాయపాళెం వడ్రంగాయన ఆదివారం వస్తాడంట. "కోసినాక పెంచమంటే నా వల్ల కాదు నాయనా" అని ముందే చెప్పేశాడు.

ఇంట్లో పరిస్థితి: డ్రాయింగ్ చూసి మా నాయన "ఎవురికిరా ఈ శవప్పెట్టె" అన్నాడు.

నల్లరాయి
కాళ్లున్న శవప్పెట్టె అని చెప్పు. పోయేవాడికి మోసేవాళ్ల ఖర్చు మిగులుద్ది.

ఒంగోలు_గిత్త
టీవీ విప్పే పని పెట్టుకోమాక. ప్యానెల్ అంచున సన్నటి రిబ్బన్ కేబుళ్లు ఉంటాయి, ఒక్కటి నలిగినా తెరమీద గీత పడుద్ది, ఇక అది బాగవదు. పైగా ప్లగ్గు పీకినా పవర్ బోర్డులో కెపాసిటర్లు కాసేపు చార్జి పట్టుకునే ఉంటాయి.

అసలు ఆ ఇరవైన్నర ఎందుకొచ్చిందో ఆలోచించు. నిజమైన మిషన్లో ఆడే పలక వెడల్పు 20 అంగుళాల పావు. దాని చుట్టూ పెట్టె కట్టారు. మనకు ఆ పలకే లేదు, టీవీ ఉంది. కాబట్టి టీవీ చుట్టూ కట్టుకోవాలి. 43లో బొమ్మ వెడల్పు 21 అంగుళాలు, పొడవు ముప్పై ఏడున్నర. వెడల్పులో అసలు పలకతో ఇంచుమించు సమానం. పొడవులోనే తగ్గుద్ది, నిజం పలకలు 42 నుంచి 46 దాకా ఉంటాయి. ఆడేటప్పుడు ఆ తేడా కనపడదు.

ఉదయగిరి_చెంచా
గిత్తన్న చెప్పింది సగమే ఒప్పుకుంటా. విప్పకుండా, పెట్టె పెంచకుండా ఇంకో దారి ఉంది. పక్క చెక్కలకి లోపల రౌటర్‌తో (చెక్క తొలిచే మిషన్) గాడి కొట్టి టీవీ అంచుల్ని అందులో కూర్చోబెడతారు. బయటి కొలత మారదు, చూడ్డానికి అసలు మిషన్ లాగే ఉంటది.

ఒంగోలు_గిత్త
లెక్క వేసి చెప్పు చెంచా. 18 మిల్లీమీటర్ల ప్లైలో 8 కంటే లోతు గాడి కొడితే చెక్క బలం పోద్ది. రెండు పక్కలా కలిపి 16. ఇరవైన్నర అంగుళాలంటే 521 మిల్లీమీటర్లు. ఆయనకి కావాల్సింది 560. దగ్గర దగ్గర 40 తక్కువ. గాడి ఎక్కడ చాలింది?

ఉదయగిరి_చెంచా
40 అంగుళాల టీవీ అయితే గాడితో సరిపోయుండేదేమో. 43కి చాలదు, సరే. అయితే వెడల్పే చేయించు. టీవీకి అటూ ఇటూ కలిపి రెండు నూళ్లు (పావు అంగుళం) వదులు పెట్టమను, అంతకు మించి వద్దు. ఎక్కువ వదిలితే సందులోంచి లోపలి వెలుతురు కనపడి చీదరగా ఉంటది.

చెక్క సంగతి కూడా చెప్పేస్తా, అడక్కపోయినా. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసే పలక) జోలికి పోబాక. కోత నున్నగా వస్తాది, రంగు బాగా పడుద్ది, అంతా నిజమే. కానీ మన సముద్రపు గాలికి అడుగు అంచులు ఉబ్బుతాయి. కాళ్ల బోల్టులు పట్టే మూలల్లోనే అది ముందు విడిపోద్ది, బరువంతా అక్కడే కదా. 18 మిల్లీమీటర్ల బీడబ్ల్యూఆర్ (నీళ్లకి తట్టుకునే) ప్లై, ఎనిమిది నాలుగు షీట్లు రెండు తెచ్చుకో. పెట్టే, మానిటర్ కూర్చునే వెనక తలా రెండూ వస్తాయి. మూలల్లో లోపలి వైపు టేకు ముక్క త్రికోణంగా అతికించి దానికి బోల్టు వెయ్యమను.

కావలి_కరెంటు
చెక్క గురించి కొట్టుకునే ముందు ఒక్క మాట. ఆ పాత టీవీ దీనికి పనికొస్తాదా అసలు? రెండు పరీక్షలు చెయ్యి.

ఒకటి, సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టి ఆడి చూడు. టీవీలు బొమ్మని నునుపు చెయ్యటానికి ఫ్రేములు దాచుకుని ఆలస్యంగా చూపిస్తాయి. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. అట్టాంటివి నాలుగైదు పోగయితే నువ్వు బటన్ నొక్కేసరికి బంతి ఫ్లిప్పర్ల (బంతిని కొట్టే రెక్కలు) సందులోంచి జారిపోయుంటది.

రెండు, గోడ దగ్గర స్విచ్ ఆపి మళ్లీ వెయ్యి. టీవీ తనంతట తాను వెలిగిందా, ఎర్ర లైటుతో ఆగిపోయిందా? పెట్టెలో బిగించి పైన అద్దం వేసినాక రిమోట్ ఎక్కడ చూపిస్తావ్?

పెన్నాగట్టు
గేమ్ మోడ్ ఉంది, పెడితే తేడా బాగా తెలస్తా ఉంది. రెండోది మాత్రం ఫెయిలు. ఎర్ర లైటే.

కావలి_కరెంటు
అయినా దారుంది. పిన్‌స్కేప్ అని కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుద్ది. బటన్లు, ప్లంజర్ (బంతిని తన్నే స్ప్రింగ్ కడ్డీ), పెట్టెను ఊపటం, అన్నీ అదే చూసుకుంటది. అది నడిచే బోర్డుకి ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ తగిలించి నీ రిమోట్ పవర్ కోడ్ నేర్పిస్తే పెట్టెకి కరెంటు రాగానే టీవీని అదే ఆన్ చేసుద్ది. ఎల్‌ఈడీని టీవీ సెన్సర్‌కి ఎదురుగా టేపేసి అంటించటమే.

ముందు దీన్ని కేఎల్25జెడ్ అనే బోర్డు మీద కట్టేవాళ్లు, అందులో ఊపుడు కనిపెట్టే చిప్ కూడా ఉండేది. ఇప్పుడు రాస్ప్‌బెర్రీ పై పికో మీద కొత్త వెర్షన్ ఉంది. పికో చవక, కాకపోతే ఆ ఊపుడు చిప్, అంటే యాక్సిలరోమీటర్, విడిగా కొనుక్కోవాల.

గూడూరు_జంక్షన్
ఇవన్నీ రిచ్చీ స్ట్రీట్లో దొరుకుతాయి. పొద్దున రైలుకి మద్రాసు పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. బటన్లు మాత్రం చేత్తో నొక్కి చూసి కొను. టిక్కుమనే మైక్రోస్విచ్ బటన్లు చూపిస్తారు, ఫ్లిప్పర్‌కి అవి బాగుండవు. నొక్కినట్టు తెలియకుండా మెత్తగా తగిలే లీఫ్ స్విచ్‌వి అడుగు.

ప్లంజర్‌కి స్లైడ్ పాట్ కావాలని చెప్పు. ఆర్కెస్ట్రా వాళ్ల మిక్సర్‌లో పైకీ కిందకీ జరిపేదే. 80 మిల్లీమీటర్ల పొడవుది తీసుకుంటే ప్లంజర్ లాగే దూరం మొత్తం కవరవుద్ది.

రొయ్యలగుంట
ఫ్లిప్పర్ కొట్టినప్పుడు టక్కున చేతికి తగలాలంటే కాంటాక్టర్లు (మోటార్లకి వేసే అయస్కాంత స్విచ్‌లు) పెడతారంట కదా. మా గుంటల కాడ ఏరేటర్ ప్యానెళ్లలో తీసేసినవి డబ్బానిండా పడుండాయి. కావాల్సినోళ్లు వచ్చి ఏరుకోండి. రొయ్యలు మాత్రం డబ్బులిచ్చి కొనాల.

కావలి_కరెంటు
ఆగన్నా. ఆ కాంటాక్టర్ కాయిల్ పక్కన ఏం రాసుందో చదువు. 415 అనో 240 అనో ఏసీ ఉంటది. మనకి 24 వోల్టుల డీసీ కాయిల్ కావాల. పిలకాయలు చేతులు పెట్టే పెట్టెలో మెయిన్స్ కరెంటు బటన్ల దాకా తెచ్చేది వద్దంటే వద్దు.

24 డీసీది దొరికినా సరే, పికో పిన్నుకి నేరుగా తగిలించే పని కాదు. దాని పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు, అదీ కొద్ది మిల్లీ ఆంపియర్లు. మధ్యలో మాస్‌ఫెట్ (స్విచ్‌లా పని చేసే చిన్న ఎలక్ట్రానిక్ భాగం) ఉండాల. కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఒకటి, గీత ఉన్న వైపు ప్లస్‌కి. కాయిల్ ఆగిన క్షణంలో వెనక్కి తన్నే వోల్టేజీని అదే మింగుద్ది. అది లేకపోతే మాస్‌ఫెట్ పోద్ది, లేదంటే ఆట మధ్యలో యూఎస్‌బీ ఊడిపోయినట్టు టింగ్ మని మోగి బటన్లు పని చెయ్యవు. చాలామంది సాఫ్ట్‌వేర్ తప్పనుకుని విండోస్ మళ్లీ వేస్తారు, మూడు రూపాయల డయోడ్ కోసం.

రొయ్యలగుంట
డబ్బా తిరగేశా. అన్నీ 415వే. ఒక్కటి మాత్రం 24 డీసీ ఉంది, జనరేటర్ ప్యానెల్‌లోదంట. ఒక పక్క ఫ్లిప్పర్‌కి సరిపోద్ది, రెండో పక్కకి నోటితో టక్ అనుకోండి.

గూడూరు_జంక్షన్
నన్నడిగితే అసలు కాంటాక్టర్లే వద్దు. మేం ఉండేది అపార్ట్‌మెంట్. రాత్రి పదకొండింటికి కాయిళ్లు కొడితే కింద ఇంటావిడ పొద్దున్నే మెట్ల మీద నిలబడి ఉంటది. మా ఇంట్లో ఎక్సైటర్లు పెట్టాం. కోన్ లేని స్పీకర్లు, చెక్కకి అతికిస్తే చెక్కే మోగుద్ది. నాలుగు మూలలా నాలుగు, వాటికి 7.1 సౌండ్ కార్డు, చిన్న యాంప్లిఫయర్ బోర్డులు రెండు. సంగీతం వెనక తలలో స్పీకర్లకి పోద్ది, బంతి చప్పుడు మాత్రం ఎక్సైటర్లకి వస్తాది. బంతి ఎడమ నుంచి కుడికి దొర్లితే అరచేతుల కింద ఆ దొర్లుడు తెలుస్తాది. నమ్మరు గానీ ముందు మూల నుంచి వెనక మూలకి పోయేది కూడా తెలుస్తాది.

ఒంగోలు_గిత్త
ఎక్సైటర్లు బాగుంటాయి, కాదనను. కానీ ఫ్లిప్పర్ దెబ్బ చెక్కలోంచి మోచేతి దాకా కొట్టాలంటే లోపల ఇనుము కదలాల్సిందే. శబ్దం వేరు, దెబ్బ వేరు. నా దాంట్లో రెండూ ఉన్నాయి, రాత్రిపూట కాయిళ్లకి కరెంటు కట్ చేసే స్విచ్ ఒకటి అడుగున పెట్టా. సొంతిల్లు ఉన్నోళ్లు కాయిల్, అద్దెకున్నోళ్లు ఎక్సైటర్.

నల్లరాయి
సొంతిల్లున్నా ఇంటావిడ పర్మిషన్ లేనోళ్లు?

ఒంగోలు_గిత్త
హెడ్‌ఫోన్స్.

మూలాపేట_మాస్టారు
పిల్లలూ, మీ కాయిళ్ల గొడవ నాకు అర్థం కాదు గానీ ఆట సంగతి కొంత తెలుసు. మా చిన్నప్పుడు బాగటెల్ బోర్డు ఉండేది. చెక్క పలక, మేకుల కంచెలు, అంకెలు రాసిన గళ్లు, గోళీలను స్ప్రింగ్ కడ్డీతో తన్నటం. పిన్‌బాల్‌కి తాత అదే. ఆ పిన్నులంటే మేకులే. చాలాకాలం ఫ్లిప్పర్లు లేవు, బంతిని వదిలాక చూస్తూ నిలబడటమే. 1947లో గాట్‌లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ మిషన్‌లో మొదటిసారి ఫ్లిప్పర్లు పెట్టింది.

పెన్నాగట్టుగారి నాన్నగారికి ఇది జూదం అనే అనుమానం కూడా ఉండొచ్చు. న్యూయార్క్ వాళ్లకీ ఉండేది. అక్కడి మేయర్ లాగ్వార్డియా 1942లో నిషేధించి, సుత్తి పట్టుకుని మిషన్లు పగలగొడుతూ ఫొటోలు దిగాడు. 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన నగర కౌన్సిల్ సభ్యుల ముందు ఆడి, బంతి ఫలానా దారిలో పోతుందని ముందే చెప్పి అదే దారిలో పంపాడు. అదృష్టం కాదు, చేతి నేర్పు అని ఒప్పుకుని నిషేధం తీసేశారు.

పెన్నాగట్టు
జూదం అయితే మా నాయన ఈపాటికి ఓ చెయ్యి వేసేవాడు మాస్టారూ. రమ్మీ అంటే తెల్లారేదాకా కూచుంటాడు. ఆయన బాధంతా హాల్లో దారికి అడ్డమని.

కావలి_కరెంటు
మాస్టారూ, టిల్ట్ సంగతి కూడా చెప్పాల్సింది. పాత మిషన్లలో గోడ నిటారుగా ఉందో లేదో చూట్టానికి మేస్త్రీలు వేలాడేసే గుండు లాంటిదే లోపల కడ్డీకి వేలాడుతుంటది, దాని చుట్టూ ఇనప రింగు. పెట్టెను గట్టిగా ఊపితే గుండు రింగుకి తగిలి ఆట ఆగిపోద్ది. కొద్దిగా తడితే పర్లేదు. వర్చువల్ దాంట్లో ఆ పని యాక్సిలరోమీటర్ చేసుద్ది. పెట్టె తేలిగ్గా ఉంటే ముట్టుకుంటే చాలు ఊగి టిల్ట్ అయిపోద్ది, అందుకే బరువుండాల.

నల్లరాయి
బరువా? మా చీమకుర్తి రండి. గెలాక్సీ గ్రానైట్ తెగ్గోసిన ముక్కలు గుట్టలుగా ఉంటాయి. అడుగున రెండు పలకలు పరిస్తే సునామీ వచ్చినా టిల్ట్ అవదు. నలుగురు కలిసినా ఎత్తలేరు, అది వేరే సంగతి.

ఉదయగిరి_చెంచా
నవ్వులాట అనుకుంటున్నారు గానీ పైకెక్కించే సంగతి ముందే చూసుకో. లోపల 56.6 సెంటీమీటర్లంటే బయట అరవై దాటుద్ది. ద్వారంలోంచి పోద్ది. మేడ మెట్ల మలుపులో నాలుగడుగుల పెట్టె తిరగదు. కాళ్లు బోల్టులు విప్పితే వచ్చేట్టు, వెనక తల మడత కబ్జాలతో ముందుకు వాలేట్టు చేయించు. కాళ్లు 28 అంగుళాల పైన ఉంటాయి అసలువి. ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపులోనైనా మందం రేకు వంచి చేసిస్తారు, కింద లెవెల్ తిప్పుకునే బోల్టు మర్చిపోకుండా వేయించు.

గూడూరు_జంక్షన్
ఆటోనగర్ ఎటూ పోతావు కాబట్టి పాత కారు వైపర్ మోటార్ ఒకటి తెచ్చుకో. 12 వోల్టులది, డీసీ. కొన్ని టేబుళ్లలో (కంప్యూటర్‌లో ఒక్కో పిన్‌బాల్ ఆటని టేబుల్ అంటారు) మోటార్ తిరిగే సీన్లు వస్తాయి, అప్పుడు కిర్రుమని తిరుగుద్ది. పిలకాయలకి ఫ్లిప్పర్ కంటే అదే ఇష్టం మా ఇంట్లో.

ఒంగోలు_గిత్త
గాలి సంగతి ఎవరూ చెప్పలేదు. టీవీ వెనక వైపు కిందకి తిరిగి ఉంటది, దాని వేడి, కింద కంప్యూటర్ వేడి రెండూ పెట్టెలోనే. మన మే నెల తెలుసుగా. అడుగు చెక్కలో రెండు రంధ్రాలు, వెనక పైభాగంలో రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు బయటకి తోసేట్టు. కింది రంధ్రాలకి సన్న జల్లెడ కొట్టు, లేకపోతే బల్లి దూరి కంప్యూటర్‌కి కరెంటిచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్‌లో చచ్చుద్ది.

ప్లంజర్ కడ్డీ ముందు చెక్కలోంచి కొన్ని అంగుళాలు లోపలికి పొడుచుకొస్తది. టీవీ ముందు అంచు దానికి తగలకుండా ఎత్తు చూసుకో. వంపు ఎంత పెట్టాలని బుర్ర బద్దలు కొట్టుకోమాక. అసలు మిషన్‌కి ఆరున్నర డిగ్రీలు కావాలి, 80 గ్రాముల బంతి దొర్లాలి కాబట్టి. నీ బంతి కంప్యూటర్ దొర్లిస్తది, నీ మెడకి ఏది హాయి అయితే అది పెట్టుకో.

పెన్నాగట్టు
వడ్రంగాయన వచ్చి వెళ్లాడు. లోపల 56.6, బీడబ్ల్యూఆర్ ప్లై, మూలలకి టేకు. ప్లంజర్ గురించి గిత్తన్న చెప్పింది చూపిస్తే ఆయనే పెన్సిల్ తీసుకుని టీవీని రెండు అంగుళాలు వెనక్కి జరిపి గీశాడు. "ముందర ఖాళీ వచ్చింది గదా, ఆడ ఒక పలక వెయ్యి, స్కోర్లు చీటీ అంటించుకోవచ్చు" అన్నాడు. బాగానే ఉండాది ఆలోచన, నిజం మిషన్లలో కూడా అక్కడ ఆట నియమాల చీటీ ఉంటది కదా.

అద్దం ఒకటే మిగిలింది. ఏం వెయ్యాల?

ఉదయగిరి_చెంచా
5 మిల్లీమీటర్ల టఫెన్డ్. పెట్టె పూర్తయినాకే కొలిచి ఆర్డరివ్వు. టఫెన్ చేసినాక అద్దాన్ని కొయ్యటం కుదరదు, ఒక మూల గట్టి దెబ్బ తగిలినా మొత్తం గింజలు గింజలుగా రాలిపోద్ది. మూల రంధ్రాలు, కోతలు ఏమున్నా ముందే చెప్పాల.

గూడూరు_జంక్షన్
పక్కలకి బొమ్మలు ఎక్కడ వేయిస్తున్నావు? మేం ఫ్లెక్స్ షాపులో వినైల్ స్టిక్కర్ వేయించి పైన మ్యాట్ లామినేషన్ కొట్టించాం. ఆ అబ్బాయి ఫైలు చూసి "మేడం, కింద వరసలో శుభాకాంక్షలు తెలిపేవారి ఫొటోలు ఎన్ని పెట్టమంటారు" అని అడిగాడు. ఎంత చెప్పినా వినకుండా ఒక మూలన వాళ్ల షాపు ఫోన్ నంబర్ వేశాడు. ఇప్పటికీ ఉంది, కాయిన్ డోర్ (నాణెం వేసే తలుపు) పక్కనే.

నల్లరాయి
నియోజకవర్గ పిన్‌బాల్ అభిమానుల సంఘం తరఫున అని వేయించాల్సింది.

పొదిలి_32
మధ్యలో దూరుతున్నా. నా దగ్గర 32 అంగుళాల టీవీ ఒకటే ఉంది, 43 కొనే స్తోమత లేదు. కంప్యూటర్ కూడా మామూలుదే. దీంతో కట్టటం వేస్టా?

ఒంగోలు_గిత్త
వేస్టు ఎందుకవుద్ది? 32లో బొమ్మ వెడల్పు పదిహేనున్నర పైన, అసలు పలకలో ముప్పాతిక సైజు. పెట్టె చిన్నదవుద్ది, ఒక్క షీటులోనే చాలావరకు వచ్చుద్ది. 32లు ఎక్కువగా ఫుల్ హెచ్‌డీ లేదా అంతకన్నా తక్కువ కాబట్టి కార్డు మీద భారం కూడా తక్కువ. వెనక తలకి పాత 19 అంగుళాల మానిటర్ పెట్టుకో.

పొదిలి_32
మరి ఎత్తు కూడా తగ్గించాలా?

ఉదయగిరి_చెంచా
ఎత్తు తగ్గించబాక. నడుం నీదే కదా, అది ముప్పాతిక సైజు కాదు. ఆ టీవీ ఫ్రేము కొలత ఇక్కడ పెట్టు, కోత లెక్క రాసిస్తా.

పొదిలి_32
ఫ్రేముతో 43 సెంటీమీటర్లు అడ్డం, 73 నిలువు. స్టాండు ఊడదీసి కొలిచా.

ఉదయగిరి_చెంచా
లోపల 43.6 పెట్టించు. మిగతాది రాత్రికి రాస్తా, దుకాణంలో ఉన్నా.